జాషువా ఎవరివాడు?

మన పుంగనూరు, కుప్పం పల్లెల్లో తిరునాళ్ళప్పుడు హరిశ్చంద్ర నాటకం వేస్తే, జనం కాటిసీను కోసమే తెల్లవార్లూ మేలుకొని ఉంటారు. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్ళు కూడా లేచి చాప మీద సర్దుకొని కూర్చుంటారు. రాజ్యం పోయి, ఆలుబిడ్డలను అమ్ముకొని, కాటికాపరిగా మారిన హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకొని రంగం మీదికి వస్తాడు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. శ్మశానాన్ని చూస్తూ ఆయన పాడే పద్యాలకు వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు పడతాయి.

ఆ పద్యాల్లో జనం గుండెకు బాగా పట్టినవి కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారు తమ నాటకంలో రాసినవి కావు. గుర్రం జాషువాగారి శ్మశానవాటి అనే ఖండికలోవి. నటులే వాటిని తెచ్చి కాటిసీనులో చేర్చుకున్నారు. వినేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. పాతికేళ్ళ క్రితం నాకూ తెలియదు. తెలియక ఒక తప్పు చేశాను.

అప్పుడు నేను కొత్తగా గురువునై ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. మా విశ్వాసుల్లో ఒకాయన హరిశ్చంద్ర వేషం కట్టేవాడు. మంచి గొంతు. ఆదివారం పూజలో మొదటి పఠనం ఆయనే చదివేవాడు. సంఘ పెద్దలు నలుగురు నా దగ్గరికి వచ్చి, విభూతి పూసుకొని కాశీ విశ్వనాథుణ్ణి పిలిచే నోటితో దేవుని వాక్యం చదవడమేమిటని అడిగారు. నేను ఆయన్ని పిలిపించి నాటకమో, పఠనమో ఏదో ఒకటి ఎంచుకోమన్నాను. ఆయన వాదించలేదు. తల వంచుకొని వెళ్ళిపోయాడు. తరువాతి ఆదివారం గుడికి రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. విశ్వాసాన్ని కాపాడానని నేను అప్పుడు అనుకున్నాను. ఆయన పాడే పద్యాలు రాసిన కవిని కూడా క్రైస్తవ పెద్దలు ఇంచుమించు ఇదే కారణం చెప్పి బయటికి పంపారని చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను. అందువల్ల ఈ వారం ఆ కవిగారి జీవితం చెప్పుకుందాం.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. నేటి పల్నాడు జిల్లాలోని ఊరది. అదే సంవత్సరం మే నెలలో మన మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టారు. ఈ ఇద్దరి సంగతీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కృష్ణమూర్తిని లోకగురువుగా కూర్చోబెట్టడానికి 1911లో ఒక సంఘమే పుట్టింది. 1929లో ఆయనే దాన్ని రద్దు చేసి, నాకు ఏ సంఘమూ వద్దని బయటికి నడిచారు. జాషువాగారికి వద్దనే అవకాశం కూడా దొరకలేదు. ఆయన లోపలికి అడుగు పెట్టకముందే తలుపులు వేసేవారు.

తండ్రి వీరయ్యగారు పుట్టుకచేత యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగ. ఆ కాలంలో అలాంటి పెళ్ళి చేసుకున్నవారిని రెండు వైపుల చుట్టాలూ దూరం పెట్టేవారు. తండ్రి క్రైస్తవ బోధకులు. బిడ్డకు జాషువా అని పేరు పెట్టారు. మన బైబులులో ఆ పేరు యెహోషువ. ఇశ్రాయేలు ప్రజలను యోర్దాను దాటించి, వాగ్దత్త భూమిలోనికి నడిపించిన నాయకుడాయన. ఆ పేరు పెట్టుకొన్న పిల్లవాడు వినుకొండ బడిలో తోటి పిల్లల పక్కన కూర్చోవడానికే పోరాడవలసి వచ్చింది. జ్ఞానస్నానం అయినంత మాత్రాన ఊరివారి కళ్ళకు కులం కనబడకుండా పోలేదు. బడిలో అతను క్రైస్తవుడు కాడు, అంటరానివాడు.

పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు మాకు ఒక పాఠం ఉండేది. వస్తువులో దాని స్వభావం వేరు, దాన్ని అంటిపెట్టుకొని వచ్చే గుణాలు వేరు. మట్టికుండకు ఎర్రరంగు ఉండవచ్చు, నల్లరంగు ఉండవచ్చు, కుండతనం మారదు. పరీక్షలో ఇది రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మన దేశంలో ఈ పాఠం తలకిందులవుతుంది. పుట్టుకతో తగిలిన పేరే మనిషి స్వభావం అయిపోతుంది, మనిషితనం పై రంగు అయిపోతుంది. జాషువాగారు జీవితమంతా ఈ తలకిందుల లెక్కతోనే తలపడ్డారు.

1910లో ఆయనకు మేరీగారితో పెళ్ళయింది. అప్పటికి పదిహేనేళ్ళు. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద పాఠాలు చెప్పేవారు. ఆ ఉద్యోగం పోయింది. బతుకుతెరువు కోసం రాజమండ్రి వెళ్ళి 1915, 16 సంవత్సరాల్లో సినిమా వాచకుడిగా పనిచేశారు. అప్పటి సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి ఒక మనిషి కథ చెప్పాలి, సంభాషణలు చదవాలి. చీకట్లో ఉండి గొంతు మాత్రం వినిపించే ఉద్యోగం అది. గొంతుకు కులం కనబడదు కాబట్టి అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పి ఉండరు! తరువాత గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు పనిచేశారు. ఉభయభాషాప్రవీణ అయ్యారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులో ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు.

ఆయనకు కవిత్వం ఎక్కడినుండి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలయింది. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు. ఆయన కూడా తరువాత పేరున్న కవి అయ్యారు. ఆ సాంగత్యంలో పద్యం పట్టుబడింది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. అంటరానివాడన్న పిల్లవాడికి సంస్కృత కావ్యం చెప్పిన బ్రాహ్మణుడు ఆ రోజుల్లోనే ఉన్నాడని మనం మరచిపోకూడదు. తలుపు వేసినవారి గురించి రాసేటప్పుడు తీసినవారిని కూడా రాయాలి.

మరి మూసినవారో? 1919లో కొప్పరపు సోదర కవులు వినుకొండలో అవధానం చేశారు. జాషువా వారిని మెచ్చుకుంటూ పద్యాలు రాశారు. ఆ సభలోనే కొందరు లేచి, ఇలాంటివాణ్ణి లోపలికి ఎలా రానిచ్చారని కేకలు వేశారు. పద్యం బాగుందా, లేదా అని ఎవరికీ పట్టలేదు. సభకు రాకూడనివాడు వచ్చాడు, అంతే.

ఇంకొకవైపు చూడండి. పిచ్చయ్యశాస్త్రిగారూ, జాషువాగారూ జంటకవులుగా రాద్దామనుకున్నారు. మతం విషయంలో పొత్తు కుదరక ఆ ఆలోచన మానుకున్నారు. హిందూ దేవుళ్ళ స్తుతి రాయడానికి జాషువాగారి మనస్సాక్షి అప్పట్లో ఒప్పుకోలేదు. తన విశ్వాసం మీద అంత పట్టింపు ఉన్న యువకుడు ఆయన. కాలక్రమంలో రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువవిజయం వంటివి రాశారు. తెలుగులో పద్యం రాసేవాడు భారత రామాయణాలు తాకకుండా ఎలా రాస్తాడు? ఆ భాషలో ఉపమానాలు అక్కడివే, సామెతలు అక్కడివే. మన ఉపదేశులు ప్రసంగంలో ఆలస్యంగా నిద్రలేచేవాణ్ణి కుంభకర్ణుడంటారు. అందుకని వాళ్ళను మనం వెలివేస్తామా? కాని క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాలు చదువుతున్నాడు, రాస్తున్నాడు అని క్రైస్తవ సంఘం పెద్దలు జాషువాగారిని సంఘం నుండి బహిష్కరించారు.

హిందువుల సభలో ఆయన అంటరాని క్రైస్తవుడు. క్రైస్తవుల సభలో ఆయన హిందూ కావ్యాలు రాసేవాడు. రెండు చోట్లా తీర్పు చెప్పినవారు తమ మతాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు.

ఇక్కడ నాకు పునీత తోమాసు అక్వినాసువారు జ్ఞాపకం వస్తారు. ఆయన అరిస్టాటిల్ పుస్తకాలు చదివారు. అరిస్టాటిల్ క్రైస్తవుడు కాడు. క్రీస్తునాథుడు పుట్టకముందు మూడు వందల ఏళ్ళకు పైబడి జీవించిన గ్రీకు దేశస్థుడు. ఆయన గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసిన అరబ్బు పండితులు మహమ్మదీయులు. ఆ చదువుతోనే తోమాసువారు మన వేదశాస్త్రం కట్టారు. ఆయన 1274లో చనిపోయారు. మూడేళ్ళకే, 1277లో, పారిస్ పీఠాధిపతి 219 ప్రతిపాదనలను ఖండిస్తూ శాసనం చేశాడు. వాటిలో కొన్ని తోమాసువారి అభిప్రాయాలకు కూడా తగిలాయి. 1323లో అదే తోమాసుకు శ్రీసభ పునీత పట్టమిచ్చింది. అన్యుల పుస్తకం చదివిన చదువు మొదట అనుమానంగా కనిపించడం, తరువాత సొంత ఆస్తి కావడం మనకు కొత్త కాదు. తోమాసువారికి యాభై ఏళ్ళు పట్టింది. జాషువాగారి వెనుక పారిస్ విశ్వవిద్యాలయం లేదు.

ఈ కథలో ఆయనను వెలివేసినవారు కతోలికులు కారు కదా అని కొందరు పాఠకులు ఊపిరి పీల్చుకుంటూ ఉండవచ్చు. తొందరపడకండి. మన ప్రాంతం సంగతే చెబుతాను. 18వ శతాబ్ది మొదట్లో పుదుచ్చేరి నుండి ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు సీమకు వచ్చారు. మదురైలో 1606 నుండి రాబర్టు దె నోబిలి స్వామి నడచిన బాటలోనే వీరూ నడిచారు. కాషాయం కట్టారు, మాంసం మానారు, తెలుగు నేర్చారు. అంత గొప్ప త్యాగం చేసినవారే, తక్కువ కులంవారి ఇళ్ళలోకి వెళ్ళి రోగులకు సంస్కారాలు ఇవ్వాలా వద్దా అనే దగ్గర ఆగిపోయారు. వెళితే పైకులాలవారు దూరమవుతారని భయం. 1704లో పోపుగారి ప్రతినిధి తూర్నోన్ వెళ్ళి తీరాలని ఆజ్ఞ ఇచ్చాడు. నలభై ఏళ్ళు వాదం నడిచింది. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపుగారి శాసనంతో వివాదం ముగిసింది. ఆ ముగింపులో, అంటరానివారికోసం వేరుగా గురువులను పెట్టుకోవచ్చు అన్న సర్దుబాటు ఒకటుంది. వేరు గురువులు! సత్ప్రసాదం ఒకటే, చేతులు వేరు. భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించినప్పుడు శ్రీసభలో ఇంకా కులవివక్ష ఉందని ఒప్పుకొనవలసి వచ్చింది.

బయట నిలబెట్టిన జాషువాగారు ఊరుకోలేదు. 1932లో ఫిరదౌసి రాశారు. పారశీక మహాకవి ఫిరదౌసికి గజనీ మహమూదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని చెప్పి, గ్రంథం పూర్తయ్యాక వెండి నాణేలు పంపాడు. మాట తప్పిన ప్రభువు, మోసపోయిన కవి. ఒక క్రైస్తవ కవి తన బాధ చెప్పుకోవడానికి మహమ్మదీయ కవిలో తోడు వెతుక్కున్నాడు. బుద్ధుని మీద రాశారు, ముంతాజ్ మహలు మీద రాశారు, శివాజీ మీద రాశారు, గాంధీగారి మీద రాశారు. తనను ఎవరూ తమవాడు అనకపోతే ఆయన అందరినీ తనవారు అనుకున్నారు.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు కావ్యంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. జాషువాగారి కావ్యంలో ఒక పేద అరుంధతీయుడు, కడుపు నిండని మనిషి, రాత్రి తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీలో ఉన్న శివునికి తన మొర పంపుకుంటాడు. గబ్బిలమే ఎందుకు? మనిషిని రానివ్వని గుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడుతుంది, దాన్ని ఎవరూ తరమరు. దేవుని చెవికి దగ్గరగా ఉండేది అదే. ఏ గురువు దగ్గర మేఘసందేశం చదువుకున్నాడని సంఘంలో తప్పు పట్టారో, ఆ చదువే ఆయనకు ఈ కావ్యం ఇచ్చింది.

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. ఆ మొర శివునికే ఎందుకు వెళ్ళింది? రాసినవాడు బోధకుని కొడుకు. చిన్నప్పటి నుండి క్రీస్తునాథుని పేరు విన్నవాడు. కథానాయకుడు హిందువు కాబట్టి అని సాహిత్యం తెలిసినవారు జవాబు చెబుతారు. అది నిజమే కావచ్చు. కాని మా విచారణ గుడి పైకప్పులో కూడా గబ్బిలాలున్నాయి. సాయంకాలం జపమాల వేళ అవి తిరుగుతుంటే, వీటి చేత ఎవరెవరు ఏమేమి కబురు పంపారో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినప్పుడు ఘనంగా వచ్చాయి. కవికోకిల అన్నారు, నవయుగ కవిచక్రవర్తి అన్నారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, ఆ రోజుల్లో తెలుగు పద్యానికి పెద్దదిక్కు, సభలో తమ చేతులతో జాషువాగారి కాలికి గండపెండేరం తొడిగారు. బ్రాహ్మణ పండితుడు వంగి మాదిగ కవి పాదం ముట్టుకోవడం కొందరికి మింగుడుపడలేదు. పెద్ద గురువారం నాడు మేము పన్నెండుమంది పాదాలు కడుగుతాము. కడిగేటప్పుడు నాకు ఆ సభ గుర్తుకు వస్తుంది.

తరువాత జాషువాగారు 1957 నుండి 59 వరకు మద్రాసు రేడియోలో పనిచేశారు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి సభ్యులుగా నియమితులయ్యారు. అదే సంవత్సరం ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఏ పుస్తకానికి? క్రీస్తు చరిత్రకు! సంఘంలో ఉండతగడని వెలివేసిన మనిషి క్రీస్తునాథుని జీవితాన్ని తెలుగు పద్యకావ్యంగా రాశాడు, దానికి దేశం బహుమతి ఇచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. నా కథ అని తన జీవితాన్ని కూడా పద్యాల్లోనే చెప్పుకున్నారు.

అందుచేత చివరికి ఆయన మనవాడే అని మనం చంకలు గుద్దుకోవడం సరి కాదనుకుంటాను. ఆయన తాను నాస్తికత్వం వైపు జరుగుతున్నానని చెప్పిన రోజులున్నాయి. కుమార్తె హేమలతగారు 1960లో గోరాగారి కుమారుడు లవణంగారిని పెళ్ళి చేసుకున్నారు. గోరాగారు పేరుమోసిన నాస్తికులు. ఆ దంపతులు స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్రపడిన కుటుంబాల మధ్య, తెలంగాణలో జోగినీల మధ్య ఎన్నో ఏళ్ళు పనిచేశారు. సువిశేషం చెప్పిన పని అది. చేసింది మాత్రం దేవుడు లేడనే ఇంటివారు. మన గుడి తలుపు దగ్గర ఆయనను ఎవరు ఆపారో, నాస్తికత్వం వైపు ఆయన వేసిన అడుగుల్లో వారి వాటా ఎంతో లెక్క చెప్పవలసినవారు మనమే. 1965లో రెండవ వాటికన్ మహాసభ, ఇతర మతాల్లో సత్యమైనదాన్నీ, పవిత్రమైనదాన్నీ శ్రీసభ త్రోసిపుచ్చదని ప్రకటించింది. అప్పటికి జాషువాగారికి డెబ్బై ఏళ్ళు.

బయటి తలుపు సంగతీ ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనవారిని చేర్చలేదు. 2022లో ఈ ప్రశ్న మీద కేంద్ర ప్రభుత్వం ఒక కమిషను వేసింది. ఆ ఏడే ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటివారు ఆయన, తెలుగువారిలోనూ ఆయనే మొదటివారు. మా విచారణలో ఆ రోజు గంటలు మోగించాము. ఊరిలో టీకొట్టు దగ్గర మాత్రం మావాళ్ళను ఏమని పిలిచేవారో, ఆ మరునాడూ అలాగే పిలిచారు.

జాషువాగారు 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

మూడేళ్ళ క్రితం నేను పాత విచారణ వైపు వెళ్ళినప్పుడు, హరిశ్చంద్ర వేషం కట్టే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు వేషం కట్టడం లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, స్వామీ అంటూ కుర్చీ వేశాడు, మనవరాలి చేత టీ తెప్పించాడు. ఆనాడు చేసినదానికి క్షమాపణ అడిగాను. తరువాత, ఏదో గొప్ప సంగతి చెబుతున్నట్లు, ఆయన కాటిసీనులో పాడిన పద్యాలు జాషువాగారివని, ఆయన క్రైస్తవుడని, సంఘం ఆయనను వెలివేసిందని చెప్పాను. అదంతా ఆయనకు అప్పుడే తెలుసట. తన గురువు హార్మోనియం ముందు కూర్చోబెట్టి పద్యం నేర్పించిన రోజే కవిగారి పేరు చెప్పి, దండం పెట్టించాడట. మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదని అడిగాను. నేను అడగలేదు కదా అన్నాడు.

ఆదివారం పఠనం చదవడానికి మళ్ళీ రమ్మన్నాను. ఇప్పుడు చూపు ఆనడం లేదన్నాడు.